పావంగుళం బోరు

మనిషి చెయ్యి కూడా భూమేనని ప్రభుత్వం తేల్చిన రోజున నేను ఆ గదిలోనే ఉన్నాను. ఉండడమే కాదు, ఆ తేల్చడంలో నా నోటి పాత్ర కూడా కొంత ఉంది. ఎవరో చిలవలు పలవలు చేసి చెప్పకముందే నేనే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది.

నా పేరు మేడిశెట్టి బేబీ సరోజిని. మండపేటలో ఏడిద రోడ్డు మీద, టైర్ల కొట్టుకీ మిఠాయి కొట్టుకీ మధ్య ఉన్న రక్తపరీక్షల ల్యాబు నాది. ఇరవై రెండేళ్ళుగా జనం చేతులకి సూదులు గుచ్చుతున్నాను. మా వీధిలో పిల్లలు అన్నం తినకపోతే "బేబీ గారొస్తన్నారు" అని తల్లులు భయపెడతారు. నాకేం కోపం లేదు. పిల్లలు తింటున్నారు కదా.

సర్వజన స్వస్థ బీమా అని ఒక సర్కారు పథకం ఉంది. కార్డున్న వాళ్ళకి పరీక్ష ఉచితం. మేం చేసిన పరీక్షకి బీమా కార్యాలయం వాళ్ళు మాకు ధర కట్టి ఇస్తారు. ఏ పరీక్షకి ఎంతన్నది ఒక పాత జాబితాలో ఉండేది. ఒకనాడు తనిఖీ వాళ్ళు వచ్చి, "రక్తపరీక్షకి డెబ్భై రూపాయలని రాశారు, దేనితో పోల్చి రాశారు?" అని అడిగారట. ఆ ఫైలు కోసం బీరువా తెరిస్తే చెదలు తినగా మిగిలిన ట్యాగు ఒక్కటే కనబడిందట. దాంతో పాత ధరలన్నీ ఒక్క సంతకంతో రద్దయిపోయాయి. కొత్తవి కట్టడానికి ధరల నిర్ధారణ సంఘమని ఒకటి వెలిసింది. దానికి ఒకటే నియమం. ధరని ఎవరూ బుర్రలోంచి పుట్టించకూడదు. ఆమోదం పొందిన ధరల పుస్తకంలో అలాంటి పని ఇంకోటి ఎక్కడుందో వెతికి, దానితో పోల్చి కట్టాలి.

వినడానికి బాగానే ఉంది కదా? నాకూ బాగానే ఉన్నట్టు అనిపించింది. కాకపోతే ఆ సంఘం దగ్గర ఉన్న ధరల పుస్తకం ఒక్కటే, అది ఇంజనీరింగ్ పనుల పుస్తకం. సంఘం అధ్యక్షులు శ్రీ ద్వివేదుల భీమశంకరం గారు ముప్పై ఆరేళ్ళు కాలవలూ బోరుబావులూ తవ్వించి రిటైరైన ఇంజనీరు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది, ఆయనా ఖాళీగా ఉన్నారు. అలా కుదిరింది.

ల్యాబుల వాళ్ళు చెప్పేది కూడా వింటామని జిల్లా కేంద్రానికి పిలిచారు. మా వాళ్ళంతా కలిసి నన్ను ముందుకి తోశారు, నోరున్న మనిషినని. నేను పట్టుచీర కట్టుకుని మరీ వెళ్ళాను.

"రక్తపరీక్ష అనగా నేమి? సంఘం ఎదుట స్థూలముగా వివరించవలసినది," అన్నారు అధ్యక్షులు. మనిషి సన్నగా, పొడుగ్గా, తెల్లటి చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకుని ఉన్నారు.

"ఏముందండీ. చేతి మీద ఎక్కడ నరముందో చూసుకుంటామండి. సూది దింపుతామండి. లోపల్నుంచి రక్తం పైకొస్తుందండి. దాన్ని పరీక్ష చేత్తామండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎక్కడుందో చూసుకొందురు. అనగా పాయింటు నిర్ణయము. దింపుదురు. అనగా డ్రిల్లింగు. లోపలి ద్రవము పైకి వచ్చును." పుస్తకం పేజీలు గబగబా తిప్పి ఒకచోట వేలు పెట్టారు. "ఇది బోరుబావి కాక మరేమిటమ్మా?"

నేను పకపకా నవ్వాను. గదిలో పదకొండుమంది ఉన్నారు. నవ్వింది నేనొక్కదాన్నే.

"మనిషండీ బాబూ అది!" అన్నాను.

"నేల స్వభావము అను గడిలో ఆ సంగతి రాయుదము. మెత్తని నేలయా, రాతి నేలయా?"

"ఒక్కొక్కళ్ళు ఒక్కోలాగుంటారండి."

"మిశ్రమ నేల," అని రాసుకున్నారు. "లోతు?"

ఇదిగో, ఇక్కడే నా నోరు నా కొంప ముంచింది. ఇరవై రెండేళ్ళుగా ఉన్నది ఉన్నట్టు రిపోర్టులు రాసి రాసి నాకు నిజం చెప్పడం రోగంలా పట్టుకుంది. "పావంగుళమండి," అన్నాను. ఒక్క అడుగు అని ఉంటే ఈపాటికి మా ల్యాబు మీద ఇంకో అంతస్తు లేచేది.

ఇరవై రోజులకి ఉత్తర్వు వచ్చింది. 'మానవ దేహమందు స్వల్ప వ్యాసము గల బోరు వేసి ద్రవమును వెలికితీయు పని. అడుగుకు రూ. నూట పది చొప్పున, పావంగుళమునకు రెండు రూపాయల ఇరవై తొమ్మిది పైసలు.' రెండుసార్లు చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాను. పైసలు కూడా అక్కడే ఉన్నాయి.

మిగతావాటిని కూడా వదిలిపెట్టలేదు. మూత్రపరీక్షని కుళాయి నీటి తనిఖీతో పోల్చారు. కళ్ళె పరీక్ష డ్రైనేజీ పూడికతీత కిందికి వెళ్ళింది, ఘనపు మీటర్ల లెక్కన. మైక్రోస్కోపులో చూడడాన్ని గోడౌను కాపలాతో పోల్చి, చూసినంతసేపటికీ కూలి కట్టారు. అయితే కాపలావాడు రెండు కళ్ళతో చూస్తాడు, మైక్రోస్కోపులో ఒక కన్నే కదా, అందుకని అందులో సగం కోత.

సరే, ఏదో ఒకటి, పని చేసుకుందాం అనుకున్నాను. మర్నాడు పొద్దున్న షట్టరు ఎత్తేసరికి ఎదురుగా పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకున్న ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో టేపు, చంకలో పొడుగాటి పుస్తకం.

"నమస్కారమండి. కొల్లు త్రిమూర్తులండి. అసిస్టెంట్ ఇంజనీర్నండి. మీ బోర్లు కొలవడానికి నన్నేశారండి," అన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. మంచివాడే, ముఖం చూస్తే తెలుస్తుంది. మంచివాడు కాబట్టే ఉత్తర్వులో ఉన్నది ఒక్క ముక్క వదలడు.

"హెల్మెట్ ఎందుకండీ?"

"పని జరిగే చోట లేకపోతే నా ఇంక్రిమెంటు ఆగిపోద్దండి." ఇంకో హెల్మెట్ తీసి నాకిచ్చాడు. మూడోది రోగికి.

ఆ పొడుగాటి పుస్తకం కొలతల పుస్తకం. అందులో ఎక్కని పని జరిగినట్టు కాదు, అందులో పేజీ నంబరు లేని రిపోర్టు రిపోర్టే కాదు. దాంట్లో 'పాయింటు చూపినవారి సంతకము' అని ఒక గడి ఉంది. నరం ఎక్కడుందో నేను చూపిస్తానంటే త్రిమూర్తులు ఒప్పుకోలేదు. తవ్వేవాళ్ళు పాయింటు చూపించకూడదట. మన గోదావరి జిల్లాల్లో బోరు వెయ్యాలంటే పాయింటు చూసేదెవరు? అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతాడే, కింద నీళ్ళున్న చోట కాయ నిలువుగా లేస్తుందంటారే, అతను. కోరుకొండ అబ్బులని అలాంటి ఒక ఆసామిని త్రిమూర్తులే వెతికి తీసుకొచ్చాడు.

మొదటి రోగి రిటైరైన డ్రాయింగు మాస్టారు. సుగర్ చూపించుకుందామని వచ్చాడు పాపం. హెల్మెట్ పెట్టి, బెంచీ మీద చెయ్యి చాపించి కూర్చోబెట్టాం. అబ్బులు కళ్ళు మూసుకుని, అరచేతిలో కొబ్బరికాయతో భుజం దగ్గర్నుంచి మణికట్టు దాకా రెండుసార్లు నడిపించాడు. మోచేతి మడత దగ్గర కాయ లేచి నిలబడింది.

"లేచిందండీ! ఇక్కడ పుష్కలంగా ఉందండి!" అని అరిచాడు.

మాస్టారి భార్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ నరం గుమ్మంలోంచే నాకు కనబడుతోంది. పళ్ళు నూరుకుంటూ పసుపు రాశాను, బొట్టు పెట్టాను, కర్పూరం వెలిగించాను. అవన్నీ లేకుండా బోరు మొదలెడితే అబ్బులు సంతకం పెట్టడు. రక్తం తీశాక దూది పెడితే త్రిమూర్తులు 'వాడకము ముగిసిన బోరుకు మూత అమర్చబడినది' అని రాసుకుని ఫొటో తీశాడు.

రోజుకి నలభైమందిని చూసే ల్యాబులో ఏడుగురు కూడా తెమిలేవారు కాదు. కొట్టిన కొబ్బరికాయలతో మా వీధిలో మూడు వారాలపాటు అందరి ఇళ్ళలోనూ కొబ్బరి పచ్చడే. ఒకసారి ఒక లావుపాటి షావుకారికి నరం దొరక్క సూది ఉత్తినే బయటికొచ్చింది. త్రిమూర్తులు ఎర్ర సిరాతో 'నీరు పడలేదు' అని రాశాడు. అబ్బులు తప్పు కొబ్బరికాయ మీదికి నెట్టాడు. పాయింటు ఎందుకు తప్పిందో వారంలోగా సంజాయిషీ ఇమ్మని నాకు నోటీసొచ్చింది. కొబ్బరికాయకి రాలేదు.

ఇదంతా నేను నవ్వుకుంటూనే భరించాను. నాగవేణి వచ్చేదాకా.

నాగవేణికి ఎనిమిదో నెల దాటింది. ఇటిక బట్టీలో లెక్కలు రాసే మొగుడు, వెంట అత్తగారు. ఆ అత్తగారి పేరు వీరాయమ్మ. మనిషి నాకంటే రెండాకులు ఎక్కువే మాట్లాడుతుంది. కోడలు మాత్రం గోడకి సున్నం వేసినట్టు తెల్లగా పాలిపోయి ఉంది. రెండు మెట్లెక్కి ఆయాసపడింది.

"డాక్టరమ్మ రాసిచ్చారండి," అని చీటీ ఇచ్చింది వీరాయమ్మ. "ఒంట్లో రక్తం బొత్తిగా లేదంటన్నారు. ఎంతుందో చూసి రిపోర్టిత్తే, రక్తం ఎక్కిత్తారంట. ఎక్కించకపోతే కాన్పు తట్టుకోలేదంటన్నారండి బాబూ. నా కాళ్ళూ సేతులూ ఆడట్లేదు."

చీటీలో డాక్టరమ్మ రెండు గీతలు కొట్టి మరీ 'రెండు రోజుల్లో' అని రాసింది. ఆ చీటీ చూశాక నాకు కొబ్బరికాయ మీద నవ్వు రాలేదు.

త్రిమూర్తులు ఆ పిల్ల కింది రెప్ప లాగి చూశాడు. చూసి పుస్తకం మూసేశాడు.

"ఇక్కడ బోరు వెయ్యకూడదండి."

"ఏం?"

"నీటిమట్టం పడిపోయిన ప్రాంతమండి ఇది. ఇలాంటి చోట కొత్త బోరు నిషేధమండి. జలమట్టాల రక్షణ విభాగం నుంచి అభ్యంతరం లేదని కాగితం తేవాలండి. నలభై అయిదు రోజులు పడుద్దండి."

"ఆ పిల్ల కాన్పుకి నెల కూడా లేదయ్యా! సరే, ఆ కాగితానికి ఏం పెట్టాలి?"

"మట్టం ఎంతకి పడిపోయిందో రిపోర్టు జతపరచాలండి."

"ఆ రిపోర్టు ఎలా వస్తుంది?"

"రక్తం తీసి చూడాలండి."

"తియ్యనా మరి?"

"కాగితం లేకుండా ఎలా తీత్తారండి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ రెండు రూపాయల ఇరవై తొమ్మిది పైసలు నువ్వే ఉంచుకో. నేను ఊరికే చేస్తాను, లే అడ్డం," అన్నాను. త్రిమూర్తులు కదల్లేదు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని మనిషి కదల్లేదు. "చేసుకోండి మేడమ్. కానీ పుస్తకంలో పేజీ నంబరు లేని రిపోర్టుకి వాళ్ళు రక్తం సంచీ ఇవ్వరండి. పైగా అది అనధికార బోరవుద్దండి. ల్యాబు సీలేత్తారండి," అన్నాడు. అదీ నిజమే. మర్నాటి నుంచి ఇంకో నాగవేణి వస్తే చూసే దిక్కుండదు.

వీరాయమ్మ బెంచీ మీద కూలబడిపోయింది. "నా కోడలు భూమేటండీ? బోరేటండీ? ఇదెక్కడి చోద్యమండీ బాబూ!" అని గోల పెట్టింది. నాగవేణి మాత్రం నా వైపు చూసి, "పోనీలెండి, బేబీ గారండీ. మీరేం చేత్తారు?" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

త్రిమూర్తులు సంచీలోంచి ఇంజనీరింగ్ పనుల పుస్తకం లాక్కుని ఆ మధ్యాహ్నం జిల్లా కేంద్రానికి బస్సెక్కాను. ఆరువందల పేజీలు. ద్వారపూడి దాటేసరికి బోరుబావుల అధ్యాయం సగం అయింది. సామర్లకోట దగ్గర కరవు పనుల నిబంధన దొరికింది. బస్సులోనే "దొరికావురా!" అని అరిచాను. పక్కనున్నాయన జేబు తడుముకున్నాడు.

భీమశంకరం గారు ఆఫీసులో ఒంటరిగా, బల్ల మీద పెన్సిళ్ళు ఎత్తు వరసలో సర్దుతూ కూర్చున్నారు. నేను పుస్తకం ఆయన ముందు తెరిచి పెట్టాను.

"నూట నలభై రెండో పేజీ చూడండి సార్. 'కరవు పరిస్థితులందు, ఒక బోరుపై ఒకటికి మించి నివాసములు ఆధారపడి యున్నచో, ఏ అనుమతియు లేకుండ తక్షణమే తవ్వవచ్చును.' ఉందా?"

"ఉన్నది." ఆయన గొంతులో గౌరవం వినబడింది. ఆ పుస్తకం చదివిన ఆడమనిషిని ఆయన అదే చూడడం. "నివాసములు ఎన్ని?"

"రెండండి. ఒకటి పెద్దది. రెండోది దాని లోపలుంది."

"లోపలా?"

"ఎనిమిది నెలలు దాటిందండి."

ఆయన ఎర్ర పెన్సిలు తీసి, పక్కన పెట్టి, నల్ల పెన్సిలు తీశారు. "ప్రధాన నివాసము ఒకటి. శివారు నివాసము ఒకటి," అని రాసుకున్నారు. "రెండవ నివాసమునకు ఇంటి నంబరు ఉన్నదా?"

"వస్తుందండి. పుట్టనివ్వండి."

"తదుపరి సమర్పించవలెను," అని రాసి, నా వైపు చూశారు. "అమ్మా, ఇది పథకము కింద తొలి కరవు బోరు. ఇటువంటి దానికి ప్రారంభోత్సవము తప్పనిసరి. శిలాఫలకము కూడా ఉండవలెను. రేపు ఉదయము పది గంటలకు నేనే వచ్చి ప్రారంభించి, కాగితముపై సంతకము చేసెదను."

"శిలాఫలకం ఎక్కడ పెడతారండీ?" అన్నాను భయంగా.

"గోడకు చాలును," అన్నారు. బతికిపోయింది పిల్ల.

మర్నాడు శనివారం. మా ల్యాబు ముందు షామియానా, మావిడాకులు, మైకు. ఇటిక బట్టీ వాళ్ళంతా వచ్చేశారు. నాగవేణి హెల్మెట్ పెట్టుకుని, మెడలో బంతిపూల దండతో కుర్చీలో కూర్చుంది. అబ్బులు కొబ్బరికాయని పాలిపోయిన ఆ చేతి మీద నడిపాడు. కాయ లేచినట్టే లేచి పడుకుంది. "కొంచెమే ఉందండి," అన్నాడు గొంతు తగ్గించి. ఆ ఒక్కసారి కాయ నిజం చెప్పింది.

అధ్యక్షులు పావుగంట మాట్లాడారు. బొట్టు బొట్టు ఒడిసిపట్టుట గురించి, భావితరముల గురించి. శనివారం ఉపవాసం, పైగా శుభకార్యం, అందుకని మంచినీళ్ళు కూడా ముట్టలేదని మైకులోనే చెప్పారు. తర్వాత కత్తెర తీసుకున్నారు. రిబ్బను ఎక్కడ అని చూశారు. నేను నాగవేణి చేతికి నరం పొంగడానికి కట్టిన రబ్బరు ట్యూబు ఆయన కంట పడింది.

"వద్దు సార్, అది..." అనే లోపే కత్తిరించేశారు. జనం చప్పట్లు కొట్టారు. తెగిన ట్యూబు ఎగిరి త్రిమూర్తులు హెల్మెట్‌కి ఠంగుమని తగిలింది. హెల్మెట్ ఎందుకన్నానే, అందుకు.

నేను వీరాయమ్మ జడకున్న రిబ్బను ఊడబెరికి కోడలి చేతికి కట్టాను. సూది దించాను. పావంగుళం. ఒకటే ప్రార్థన చేసుకున్నాను. పలచగా, లేత గులాబిరంగులో, సన్నటి ధార గాజుగొట్టంలోకి వచ్చింది.

"పడిందండోయ్!" అని బట్టీ వాళ్ళంతా కేక పెట్టారు.

ఆ కేకతో పాటు వెనకాల ధబ్బుమని ఇంకో చప్పుడు అయింది. ముప్పై ఆరేళ్ళు నేలకి చిల్లులు పొడిపించిన భీమశంకరం గారు కళ్ళు తెరుచుకుని రక్తం చూడడం అదే మొదలట. శిలాఫలకం పక్కన వెల్లకిలా పడి ఉన్నారు.

బెంచీ మీద పడుకోబెట్టాం. ఒళ్ళంతా చల్లటి చెమట. "సుగర్ మనిషిని," అని గొణిగారు. మిఠాయి కొట్టాయన పరుగున మడత కాజా తెచ్చాడు.

"ఆగవయ్యా! సుగర్ ఎక్కువై పడ్డారో తక్కువై పడ్డారో చూడకుండా పెట్టేస్తావా?" అని నేను వేలికి గుచ్చే సూది తీశాను.

త్రిమూర్తులు అడ్డమొచ్చాడు. కొలతల పుస్తకం తెరిచే ఉంది. "సార్, ఈ బోరుకి శాంక్షను లేదు సార్."

"తప్పుకుంటావా, ఈ సూది నీకు దించనా?" అన్నాను.

"ఉండమ్మా," అన్నారు అధ్యక్షులు కళ్ళు మూసుకునే. "అతడు చేయుచున్నది సక్రమము. నియమము నాదే. కరవు నిబంధన చూడుము త్రిమూర్తులూ."

త్రిమూర్తులు ఇంజనీరింగ్ పుస్తకంలో నూట నలభై రెండో పేజీ తీశాడు. "ఆధారపడిన నివాసాలు ఎన్ని సార్?"

ఆయన కళ్ళు తెరిచారు. పైన షామియానా వైపు చూశారు. ఎవరి పేరో వెతుక్కుంటున్నట్టు పెదాలు కదిలాయి. ఆ గ్రాంథికమంతా ఎక్కడికి పోయిందో గాని, మామూలు మనిషిలా చెప్పారు.

"ఎవరూ లేరయ్యా. ఆవిడ పోయి ఆరేళ్ళైంది. పిల్లలు లేరు. రిటైరయ్యాక ఫోను కూడా ఎవరూ చెయ్యరు. సున్నా రాసుకో."

త్రిమూర్తులు పెన్ను గడి మీద పెట్టి, సున్నా చుట్టకుండానే పైకెత్తేశాడు. అంతసేపూ ఆయన్ని మనసులో ఎన్ని తిట్టానో అవన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

"సున్నా ఏటయ్యా సున్నా!" అని జుట్టు విరబోసుకున్న వీరాయమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. "నా కోడలి కాగితం మీద సంతకం ఎవరెట్టాల? ఈయనే కదా? ఈయన లేవకపోతే దానికి రక్తం సంచీ ఎవడిత్తాడు? అదీ, దాని కడుపులోదీ, ఇద్దరూ ఈయన మీదే ఆధారపడున్నారు. రెండని రాసుకో! నన్నూ ఏసుకుంటే మూడు!"

త్రిమూర్తులు గబగబా మూడు అని రాశాడు. నేను గుచ్చాను. సుగర్ యాభై ఒకటి. కాజా పెట్టాం. రెండో కాజాకి ఆయన లేచి కూర్చుని, మూడోది నములుతూనే నాగవేణి కాగితం మీద సంతకం పెట్టారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆ పిల్లకి రక్తం ఎక్కుతోంది.

పదిరోజులకి సవరణ ఉత్తర్వు వచ్చింది. అనుభవం మీద సంఘం తెలుసుకున్నదేమంటే, రక్తపరీక్షని బోరుతో పోల్చడం పొరపాటట. 'పని జరుగు చోట సమీప వ్యక్తులు నేలకూలు ప్రమాదము స్పష్టముగా గోచరించినందున, ఇకపై దీనిని పేలుడు పదార్థములతో రాతిని పగులగొట్టు పని కింద పరిగణించవలెను.' ధర ఎనభై అయిదు రూపాయలు. పాత ధర కంటే పదిహేను ఎక్కువ. మా ల్యాబుల సంఘం వాళ్ళెవరూ ఇందులో తప్పేముందో అడగలేదు, నేనూ అడగలేదు. చివర అధ్యక్షులు సొంత చేతివ్రాతతో ఒక వాక్యం చేర్చారు: 'ప్రాణము ఆధారపడిన చోట ముందు తీయవలెను, కాగితము తరువాత.' ఆ వాక్యాన్ని ఏ పుస్తకంలోని ఏ పనితో పోల్చారో మాత్రం రాయలేదు.

ఇప్పుడు రక్తం తీసేముందు నేను గుమ్మంలో ఎర్రజెండా పాతుతాను. మూడుసార్లు విజిల్ ఊదుతాను. వంద మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు కాబట్టి టైర్ల కొట్టాయన షట్టరు దించేస్తాడు. త్రిమూర్తులు మలుపులోని టీ కొట్టు దగ్గర నిలబడి ఫోనులో కొలతలు అడుగుతాడు. అబ్బులు మళ్ళీ పొలాలకే వెళ్ళిపోయాడు.

నిన్న పొద్దున్న నాగవేణి వచ్చింది. బుగ్గల్లో రంగొచ్చింది. ఒళ్ళో నిద్రపోతున్న ఎనిమిది రోజుల పిల్ల, కొంచెం పచ్చగా ఉంది. పసిపిల్లలకి మామూలే, అయినా కామెర్లు ఎంతున్నాయో చూడమని డాక్టరమ్మ పంపింది. వీరాయమ్మ కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది. పుట్టిన రోజు సర్టిఫికెట్టు.

"ఇదిగోండి, రెండో ఇంటికి నంబరు ఇత్తానన్నారు కదా. ఎక్కించుకోండి," అంది.

జెండా పాతాను. రెండుసార్లు విజిల్ ఊదాను. వీధి ఖాళీ అయింది, వీరాయమ్మ తప్ప. ఆవిణ్ణి కదిలించే ఉత్తర్వు ఇంకా రాలేదు. ఫోనులో త్రిమూర్తులు గొంతు వినిపించింది. "మేడమ్, ఆ గడి పాతదే కానీ నింపాలండి. ఈ బోరు మీద ఆధారపడిన నివాసాలు ఎన్నండీ?"

వీరాయమ్మ ఫోను నా చేతిలోంచి లాక్కుంది.

"రాసుకో బాబూ. నేనొకదాన్ని. దీని అమ్మ, దీని నాన్న. ఆ పడిపోయిన పెద్దాయన ఇది పుట్టకముందు నుంచీ ప్రతి శనివారం కాజాలట్టుకుని మమ్మల్ని సూడ్డానికి వచ్చేత్తన్నాడు. ఆయన్ని కూడా ఏసుకో. నాలుగు."

అవతల పెన్ను గీరుతున్న చప్పుడు మాత్రం వినబడింది. నేను మూడో విజిల్ మెల్లిగా ఊదాను. పిల్ల లేవలేదు.